బిడ్డతో కళాశాలలు చూడబోవు తండ్రి

ఏటేటా పదియవ తరగతి ఫలితములు వెలువడిన కొద్ది దినములకు మన దివిసీమ గ్రామములనుండి విజయవాడ పోవు బస్సులలో ఒక తండ్రియు ఒక బిడ్డయు ప్రక్కప్రక్కన కూర్చుండి పోవుట కనబడును. తండ్రి ఒడిలో ప్లాస్టిక్ సంచి. అందులో మార్కుల పత్రము, ఆధార్ కార్డు నకళ్లు, కుల ధ్రువీకరణ పత్రము, నాలుగు ఫొటోలు. అవనిగడ్డలో ఎక్కినవారు చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు, కంకిపాడు దాటి పోరంకి చేరునప్పటికి ఎండ ముదురును. అక్కడనుండి రోడ్డుకు రెండు ప్రక్కలను పెద్ద బోర్డులు; వాటిమీద ర్యాంకులు వచ్చిన పిల్లల ముఖములు. బిడ్డ ఆ ముఖములవైపు చూచును. తండ్రి బోర్డు క్రిందనున్న టెలిఫోను నంబరువైపు చూచును. ఇద్దరును మాటలాడుకొనరు.

ఈ ప్రయాణమును గూర్చి సంఘ పత్రికలో వ్రాయదగినదేమున్నదని కొందరు తలంపవచ్చును. చదువు సంగతి పంతుళ్లు చూచుకొందురు, ఫీజు సంగతి తండ్రి చూచుకొనును, ప్రార్థన మాత్రము అయ్యగారు చేయవలెనని మనవారి అభిప్రాయము. అయితే ఒక మనుష్యుడు మరియొక మనుష్యుని జీవితమునకు దారి ఏర్పరచుటకంటె బరువైన పని మన యిండ్లలో తరచుగా రాదు. పెండ్లి ఒకటి, ఇది యొకటి. పెండ్లిలోనైనను బిడ్డను అడుగుచున్నాము. అయ్యగారు సంఘమంతటి యెదుట వరుని అడిగి, వధువును అడిగి, వారి నోటి మాట చెవులార విన్న తరువాతనే వివాహము జరిగింతురు. వధువు మాట వినబడనియెడల మరల అడుగుదురు. కళాశాల విషయములో బిడ్డను అట్లు అడిగిన దెవరు?

డబ్బు పెట్టువాడు తండ్రి. రెండేండ్లు ఆ గదిలో కూర్చుండువాడు బిడ్డ. ఎన్నుకొనవలసిన దెవరు? నేను విచారింపదలచిన ప్రశ్న ఇది.

మన తాతల కాలములో ఈ ప్రశ్న అంతగా పుట్టలేదు. ఏలయనగా గుమ్మములే తక్కువ. బందరులో నోబుల్ కళాశాల, గుంటూరులో 1885లో కళాశాలయై తరువాత ఆంధ్ర క్రైస్తవ కళాశాల యని పేరు పొందినది, అటుపిమ్మట 1937లో బెజవాడలో ఎస్.ఆర్.ఆర్. కళాశాల. 1953లో ఆంధ్ర లయోలా, 1962లో ఆడపిల్లలకు మేరీ స్టెల్లా వచ్చినవి. 1977లో కానూరులో సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల వచ్చినది. ఆ పిమ్మట లెక్కపెట్టుట కష్టము. నేడు గూడవల్లి, నిడమానూరు, పోరంకి, గొల్లపూడి యనుచు నగరము చుట్టు హాస్టళ్లు. నదికి ఆవలి ఒడ్డున 2017లో ఆరంభమైన ప్రయివేటు విశ్వవిద్యాలయములు. ఫలితములు రాకమునుపే కాలేజీల లెక్చరర్లు మన పేటలకు వచ్చి, అరుగుమీద కూర్చుండి, అడ్వాన్సు పుచ్చుకొని పోవుచున్నారు. తలుపు ఒకటే యున్నప్పుడు తెరచునో తెరవదో అనునదే చింత. తలుపులు నూరు ఉన్నప్పుడు చూపుడువ్రేలు ఎవరిదో తేలవలెను.

ఇక్కడ బందరు చరిత్ర నొకసారి తలంచుకొందము. రాబర్టు నోబుల్ దొరగారు 1841లో ఇంగ్లండునుండి వచ్చి 1843లో బందరులో పాఠశాల తెరచిరి. అది పై కులముల పిల్లలకొరకు ఏర్పడిన బడి. అంటరానివారనబడిన మన ముత్తాతలకు అందులో చోటు లేదు. (మన పేటనుండి పోయిన తండ్రి కాళ్లు నేటికిని పెద్ద గేటు ముందు ఒక్క క్షణము ఆగుటకు కారణములలో అట్టి దొకటి యని నేను తలంచుచున్నాను. లోపలి గుమాస్తా అది తొందరపాటు లేకపోవుట అనుకొనును.) 1852లో ఆ బడిలో చదువుచున్న మంచాల రత్నం, ఐనాల భూషణం అను ఇద్దరు యువకులు బాప్తిస్మము పొందిరి. ఊరు అట్టుడికినది. తల్లిదండ్రులు తమ పిల్లలను మానిపింపగా బడి ఖాళీ యైనది. తరువాత ఆ ఇరువురును పాదిరులైరి.

ఈ సంగతిని మనము సంతోషముతో చెప్పుకొందుము. కాని ఆ ఇంటి తండ్రులవైపునుండి ఎన్నడైన చూచితిమా? వారు కుమారులను ఇంగ్లీషు నేర్చి సర్కారు కొలువులో చేరుదురని పంపిరి. ఖర్చు వారిది, ఆశ వారిది. బిడ్డలు వారు కలలోనైన ఎరుగని త్రోవ పట్టిరి. ఆ యువకులకు తమ త్రోవ తాము పట్టుటకు హక్కు ఉన్నదని మనము ఒప్పుకొన్నాము. ఒప్పుకొన్న తరువాత మన బిడ్డ, "నాన్నా, నాకు ఎం.పి.సి. వద్దు, సి.ఇ.సి. చదివెదను" అనినప్పుడు "నీకేమి తెలియును, నోరు మూసికొమ్ము" అనుట ఎట్లు కుదురును?

విశ్వాసము వేరు, చదువు గ్రూపు వేరు అని మీరందురు. నిజమే. పదునైదేండ్ల బిడ్డకు లోకము తెలియదందురు. అదియు నిజమే. ఏ చదువునకు ఏ పని దొరకునో, ఏ హాస్టలులో పిల్లలు ఏమగుచున్నారో తండ్రి పది మందిని అడిగి తెలిసికొనగలడు. బిడ్డకు తెలిసినది తన స్నేహితురాలు చేరిన కాలేజీ పేరు. కాబట్టి తండ్రి నోరు మూసికొనవలెనని నేను చెప్పను. తండ్రికి "వద్దు" అను హక్కు ఉన్నది. అయితే కారణము చెప్పవలెను. బిడ్డకును "వద్దు" అను హక్కు ఉన్నది. బిడ్డయు కారణము చెప్పవలెను. ఇద్దరి "వద్దు"లును తీసివేయగా మిగిలిన గుమ్మములలో ఒకటి పట్టుకొనుటకు చేయి బిడ్డది కావలెను. ఏలయనగా తెల్లవారుజామున లేచి, రాత్రి పది గంటలవరకు ఆ బల్లమీద కూర్చుండువాడు తండ్రి కాడు.

ఇక అసలు కష్టము డబ్బువద్ద వచ్చును.

ఒక కౌలు రైతును మనస్సులో పెట్టుకొనుడి. ఎకరము స్వంతము, మూడెకరములు కౌలు. వరి కోసిన తరువాత చల్లిన మినుములు అమ్మగా వచ్చిన డబ్బు పాత బాకీకి పోయినది. కాలువలకు నీరు వదలుటకు ఇంకను దినములున్నవి. వదలిన వెంటనే విత్తనము, దున్నకము, ఎరువు. సరిగా ఆ రోజులలోనే కళాశాల మొదటి వాయిదా కట్టవలెను. మన డెల్టాలో ఈ రెండు ఖర్చులును ఒకే మాసమునకు వచ్చి తలుపు తట్టును. అతడు లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చెననుకొనుడి. నెలకు 2,000, సంవత్సరమునకు 24,000, ఇంటరు రెండేండ్లు ముగియునప్పటికి వడ్డీయే 48,000. అసలు అట్లే యుండును. ఇది అతనికి కంఠపాఠము. బస్సులో కిటికీవైపు చూచుచు అతడు ఈ లెక్కయే వేసికొనుచున్నాడు. ప్రక్కనున్న బిడ్డకు మాత్రము ఒక్క మాటయు చెప్పడు. "బిడ్డ మనస్సు కష్టపెట్టుట యెందుకు? చదువుకొననిమ్ము" అని అతని ప్రేమ.

ఆ ప్రేమను నేను తక్కువ చేయను. కాని అది ఎట్లు పరిణమించునో చూడుడి. ఆరు మాసములకు బిడ్డకు మార్కులు తగ్గును. అప్పుడు ఫోనులో తండ్రి మొదటిసారి నోరు విప్పును: "నీకొరకు పొలము తాకట్టు పెట్టితినిరా!" ముందు దాచిన మాటయే తరువాత కొరడా యగుచున్నది. ముందు చెప్పియుండినయెడల అది ఇద్దరును మోయు బరువు. తరువాత చెప్పినప్పుడు అది నేరారోపణము. బిడ్డకు దానికి ప్రత్యుత్తరము లేదు. "నన్ను అడిగితివా నాన్నా?" అను మాట ఒకటే యున్నది గాని, మన బిడ్డలు సాధారణముగా ఆ మాట అనరు. మ్రింగుకొందురు.

ఆదికాండము 22వ అధ్యాయములో ఒక తండ్రియు ఒక కుమారుడును మూడు దినములు కలిసి నడచిరి. కట్టెలు కుమారునిమీద పెట్టబడినవి. నిప్పును కత్తియు తండ్రి చేతిలో నుండెను. దారిలో ఇస్సాకు అడిగిన ప్రశ్న ఒక్కటే: అన్నియు ఉన్నవి, బలికి గొఱ్ఱెపిల్ల ఏది? అబ్రాహాము దేవునిమీద భారము వేసి ఉత్తరమిచ్చెనుగాని తెలిసినదంతయు చెప్పలేదు. ఆ కొండ ఒక్కసారి జరిగిన సంగతి. దానిని మన యింటి పద్ధతిగా చేసికొనుటకు మనకు సెలవు లేదు. అయినను ఆ వాక్యభాగము చదివినప్పుడెల్ల నాకు ఒక విషయము తోచును. పిల్లవాడు కట్టెల బరువు ఎరుగును. తనవెంట ఏమి వచ్చుచున్నదో చూచుచునే యున్నాడు. ఏదో చెప్పబడలేదని పిల్లలకు తెలియును. మన బిడ్డకును తెలియును. ఇంటిలో అమ్మ మెడలోని గొలుసు లేకపోవుట కనిపెట్టని పిల్ల యుండదు.

కాబట్టి లెక్క అంతయు చెప్పుడి. ఎంత యున్నది, ఎంత తేవలెను, ఎవరివద్ద, ఎంత వడ్డీకి, ఏ పొలముమీద. ప్రభుత్వపు ఫీజు సహాయము ఏ చదువునకు వచ్చును, వచ్చుట ఆలస్యమైన ఏమి చేయవలెను. ఇది చెప్పకుండ "నీ యిష్టమే నాయనా" అనుటయు సరికాదు. ధర తెలియని వస్తువును ఎన్నుకొమ్మనినయెడల అది ఎన్నుకొనుట యగునా? తండ్రి లెక్క విన్న తరువాత బిడ్డ చెప్పిన "ఔను" మాత్రమే పెండ్లిపీట యెదుట అయ్యగారు వినగోరు "ఔను" వంటిది.

ఇందులో ఒక అపాయము లేకపోలేదు. లెక్క విన్న మంచి మనస్సు గల బిడ్డ వెంటనే, "నాకు మండలములోని ప్రభుత్వ జూనియర్ కాలేజీ చాలును నాన్నా" అనును. ఈ మాట ఆడపిల్ల నోటనుండి ఎక్కువగా వచ్చును. తండ్రులారా, ఇక్కడ జాగ్రత్తగా నుండుడి. ప్రభుత్వ కళాశాల తక్కువదని నేను చెప్పుట లేదు. అక్కడ చదివి పైకి వచ్చినవారు ప్రతి మండలములోను ఉన్నారు. కాని ఆ పిల్ల మాట ఆమె కోరికనుండి వచ్చినదా, మీమీది జాలినుండి వచ్చినదా అని ఒక్క రాత్రి యోచింపుడి. కూతురు వదలుకొన్న డబ్బు రెండేండ్ల తరువాత తమ్ముని కాలేజీకి కట్టబడుట మన యిండ్లలో క్రొత్త గాదు. బిడ్డ ఔదార్యము తండ్రికి పంట కాకూడదు.

డబ్బు లెక్క వలెనే మరియొక లెక్క ఆ ప్లాస్టిక్ సంచిలో నున్నది. అందరికిని తెలిసి, సంఘములో ఎవరును పైకి మాటలాడనిది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులపు హోదాను హిందువులకు పరిమితము చేసినది, 1956లో సిక్కులకును 1990లో బౌద్ధులకును అది విస్తరించినది, క్రైస్తవులకు రాలేదు. ఆ కులములనుండి క్రైస్తవులైనవారిని మన రాష్ట్రము వెనుకబడిన తరగతులలో "సి" వర్గముగా ఎంచినది. దానికి నూటికి ఒక్క సీటు. షెడ్యూల్డు కులములకు నూటికి పదునైదు. ఈ చట్టము న్యాయమా అని నన్నడిగినయెడల కాదని చెప్పుదును. బాప్తిస్మము పొందినంతమాత్రమున ఊరి చివరి పేట ఊరి నడుమకు రాలేదు గదా. అయినను చట్టము అట్లున్నది, మరియు మన అనేక కుటుంబములలో ఆదివారపు పేరు ఒకటి, పత్రములోని మాట వేరొకటి. ఎవరి సంచిలో ఏ పత్రమున్నదో విచారించుటకు నేను న్యాయాధిపతిని కాను. ఆకలి యెరిగినవాడు ఆ పని చేయలేడు. నేను కోరునది ఇది: దానిని గూర్చి బిడ్డతో ఇంటివద్దనే మాటలాడుడి. ఏది వ్రాసిన ఏమి లభించును, ఏమి పోవును, మీరు ఏది వ్రాయదలచినారు, ఎందుకు. ఇది బిడ్డ పేరు; సర్టిఫికెట్టులో బ్రతుకంతయు నిలుచునది బిడ్డ సంతకము. గుమాస్తా తల యెత్తకుండ "ఏ మతము?" అని అడిగినప్పుడు తండ్రి చెప్పు ఉత్తరమును ఆ బిడ్డ జీవితములో మొదటిసారి అక్కడ వినకూడదు. ఆ క్షణములో బిడ్డ నేర్చుకొను పాఠము ఏ లెక్చరరును నేర్పలేడు, ఏ లెక్చరరును మరపింపలేడు.

ఇప్పుడు కళాశాల లోపలికి పోవుదము. చల్లని గది. బల్ల వెనుక నున్నవారు తండ్రితో మాటలాడుదురు; గత సంవత్సరపు ర్యాంకుల పుస్తకము తండ్రి చేతికిత్తురు; ఫీజులో ఎంత తగ్గింపగలరో తండ్రికే చెప్పుదురు. బిడ్డ కుర్చీ అంచున కూర్చుండును. ఎవరి గూర్చి ఈ మాటలో ఆ మనిషిని ఎవరును అడుగరు. లూకా సువార్త 2వ అధ్యాయములో పండ్రెండేండ్ల యేసు బోధకుల మధ్య కూర్చుండినప్పుడు వారి మాటలు వినుచుండెను, వారిని ప్రశ్నలు అడుగుచుండెను. ప్రశ్నించుట పిల్లలకు తగదని మనము ఎచ్చట నేర్చుకొంటిమో నాకు తెలియదు. ఈ అధ్యాయములో మాత్రము కాదు. బస్సు దిగకమునుపే బిడ్డతో కలిసి ప్రశ్నలు కాగితముమీద వ్రాసికొనుడి, లోపల బిడ్డనే అడుగనిండు. రాత్రి ఎన్ని గంటలు నిద్ర? జ్వరము వచ్చిన ఎవరు చూతురు? అమ్మతో ఎన్ని దినముల కొకసారి ఫోను మాటలాడవచ్చును? ఆదివారము ఉదయము పరీక్ష పెట్టుదురా, ఆరాధనకు పోనిత్తురా? నడుమ మానివేసినయెడల డబ్బులో ఎంత తిరిగి యిత్తురు, సర్టిఫికెట్లు ఆపుదురా? ర్యాంకు వచ్చినవారి ఫొటోలు చూపినారు, రానివారు ఎందరు? ఈ చివరి ప్రశ్నకు ముఖము చిట్లించిన చోట మరి రెండు ప్రశ్నలు ఎక్కువగా అడుగవలెను.

తరువాత గేటు బయట టీ కొట్టువద్ద ఒక అరగంట నిలువుడి. అక్కడి పిల్లలను పలుకరింపుడి. వంటవాని చొక్కా, కుళాయి నీరు, మరుగుదొడ్డి తలుపు, ఇవి ర్యాంకుల పుస్తకములో లేని పేజీలు. లోతు యొర్దాను మైదానమును కన్నులెత్తి చూచి నీరు సమృద్ధిగా నున్నదని ఎన్నుకొనెను. అక్కడి మనుష్యులెట్టివారని అడిగినట్టు వ్రాయబడలేదు.

ఈ హాస్టళ్లలో కొందరు పిల్లలు ప్రాణములు తీసికొనిన సంగతి మీరెరుగుదురు. ప్రభుత్వము దీనిని విచారించుటకు 2001లో నీరదా రెడ్డి గారి కమిటీని, 2017లో చక్రపాణి గారి కమిటీని వేసినది. కమిటీల పని అవి చేసినవి. ఇంటివారి పని యొకటి మిగిలియున్నది. "ఇక్కడ నుండలేను, వచ్చి తీసికొనిపో" అను మాట చెప్పుటకు బిడ్డకు ముందుగానే అనుమతి యిచ్చియుండవలెను. చేర్చిన దినముననే, గేటువద్దనే, స్పష్టముగా: "నాయనా, కట్టిన డబ్బు పోయినను పోవును. నీవు పిలిచినయెడల ఆ రాత్రియే బస్సెక్కెదను." అప్పు సంగతి తెలిసిన బిడ్డ ఈ మాట వినకపోయినయెడల అప్పునకే భయపడి నోరు విప్పదు. లెక్క చెప్పిన తండ్రి ఈ మాటయు చెప్పితీరవలెను. లేనియెడల లెక్క చెప్పకపోవుటయే మేలు. మనస్సు క్రుంగినవారు మాటలాడుటకు టెలి మానస్ అను ప్రభుత్వపు ఉచిత సహాయ నంబరు 14416 ఉన్నది, తెలుగులోనే మాటలాడుదురు. అది మీ గోడమీదను, బిడ్డ నోటు పుస్తకపు అట్టలోపలను వ్రాసియుంచుడి.

చదువు నడుమ ఆగినంతమాత్రమున మనిషి ఆగడు. దోర్నకల్ మొదటి బిషప్పు అజరయ్య గారు మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిరి. పట్టము పుచ్చుకొనకయే బయటకు వచ్చిరి. 1912లో భారతీయులలో మొదటి ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకము పొందినవారు వారే. మార్కులు తప్పిన బిడ్డకు ఈ సంగతి చెప్పుడి. కాని చదువు అక్కరలేదనుటకు దీనిని ఉదాహరణగా వాడుకొనకుడి. అజరయ్య గారు తమ జీవితమంతయు బడులు పెట్టించినవారు.

ఇంటరు తరువాత వచ్చు ఎన్నికను గూర్చి రెండు మాటలు చాలును. ఇ.ఎ.పి.సెట్ వ్రాసినవారికి ఇప్పుడు కళాశాలల చుట్టు తిరుగవలసిన పని తక్కువ. వెబ్ ఆప్షన్లు కంప్యూటరులో పెట్టుకొందురు. మన గ్రామములలో అవి నెట్ సెంటరులో పెట్టబడుచున్నవి. వెనుక పదిమంది నిలిచియుండగా అక్కడి కుర్రవాడు "ఇది మంచి కాలేజీ అంకుల్" అని వరుస నింపుచున్నాడు. తండ్రి ఎన్నుకొనలేదు, బిడ్డ ఎన్నుకొనలేదు. నెట్ సెంటరువాడు ఎన్నుకొనినాడు. వరుస ఇంటివద్ద కాగితముమీద వ్రాసికొని పోవుటకు ఒక సాయంకాలము పట్టును.

లూకా చెప్పిన ఆ ప్రయాణములో మరియొక సంగతి యున్నది. కుమారుడు చెప్పిన ఉత్తరము తల్లిదండ్రులకు అర్థము కాలేదని సువార్తికుడు దాచకుండ వ్రాసెను. అర్థము కాకపోయినను తల్లి ఆ సంగతులన్నిటిని హృదయములో భద్రము చేసికొనెను. కుమారుడును వారితో నజరేతునకు తిరిగి వచ్చి వారికి లోబడియుండెను. వెతుకుట, దొరకుట, ప్రశ్న, ఉత్తరము ముగిసిన తరువాత తిరుగు ప్రయాణము ముగ్గురును కలిసి చేసిరి. ఆ దారిలో ఏమి మాటలాడుకొనిరో మనకు చెప్పబడలేదు.

మన ప్రయాణములో సాధారణముగా ఇద్దరే యుందురు. అమ్మ ఇంటివద్ద గేదెలను చూచుకొనుచు ఉండిపోవును. సాయంకాలము వచ్చినవారివద్ద ఒక తండ్రి మాట, ఒక బిడ్డ మాట వేరువేరుగా వినును. ఆమెను కూడ తీసికొనిపోవుడి. కుళాయిని తిప్పి చూచుట, పప్పు రుచి చూచుట, మంచములు లెక్కపెట్టుట, తన పిల్ల ముఖములో ఏమి మారెనో కనిపెట్టుట ఆమెకు చేతనైన పనులు. ఖర్చని వెనుదీయ నక్కరలేదు. 2025 ఆగస్టు 15వ తేదీనుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టిక్కెట్టు డబ్బు లేదు. ఆధార్ కార్డు చూపిన చాలును. ఆ సంచిలో ఆమె కార్డును కూడ పెట్టుకొనుడి.